పెరటి పళ్ల చెట్లు, వసంతకాలపు పూత: నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మాది పది సెంట్ల జాగా. ఇల్లు పోను మిగిలిన దొడ్లో పద్నాలుగేళ్లుగా పళ్ల చెట్లు పెంచుతున్నాను. బతికించినవాటితో పాటు చంపినవీ ఉన్నాయి, ఆ లెక్క కూడా కింద అక్కడక్కడా తగులుతుంది. కందుకూరు, ఒంగోలు, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి చుట్టాలూ తెలిసినవాళ్లూ ఫోన్ చేసి అడిగేవి ఏటా అవే ప్రశ్నలు. ఎకరాల్లో తోట వేసే రైతుకు ఇది చాలదు. ఇంటి వెనక నాలుగైదు చెట్లు పెట్టుకుని ఉగాదికి పూత, సంక్రాంతికి కాయ చూసుకుందామనుకునేవాళ్ల కోసం రాశాను.

మొండి చెట్టు అంటారు కదా, మన వైపు అలాంటివి ఏవి?

చలి దేశాల తోటపని రాతల్లో మొండి చెట్టంటే మంచుకు చావనిది. చెట్టును చంపేంత మంచు మనకు ఎక్కడిది? మన చెట్టుకు గండాలు మూడు: రోహిణి కార్తె ఎండ, బోరులో ఉప్పు నీళ్లు, కార్తీకమాసపు తుపాను. ఈ మూడింట్లో రెండు గట్టెక్కితే నా లెక్కలో అది మొండిదే.

రేగు, ఉసిరి, సీతాఫలం, సపోటా, వాక్కాయ ముందు వరస. జామ వాటి వెనకే. మామిడి ఎండకు ఆగుతుంది గానీ ఉప్పు నీళ్లకు ఆగదు. నిమ్మ మన ఇంటి పంట; గూడూరు, పొదలకూరు అనగానే నిమ్మకాయల బస్తాలే కళ్లముందుకొస్తాయి. అయినా నిమ్మను మొండిదని మాత్రం అనలేను. మొదట్లో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే ఆకు పసుపెక్కుతుంది, ఉప్పు నీళ్లు పోస్తే ఆకు కొస మాడుతుంది. పెంచుకోవచ్చు, కాకపోతే గారాబం చెయ్యాలి.

ఆపిల్ మొక్క ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నెల్లూరులో కాస్తుందా?

నేనూ కొన్నాను. ఎవరి దగ్గరో ఎందుకులెండి. మూడేళ్లు ఆకులు వేసింది, నాలుగో ఏడు మే నెలలో పోయింది.

ఆపిల్ చెట్టు శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి. మామూలు రకాలకు 7 డిగ్రీల లోపు చలి ఎనిమిది వందల నుంచి వెయ్యి గంటలు తగిలితేనే మొగ్గ సరిగా విచ్చుకుంటుంది. మనం రెండు దుప్పట్లు కప్పుకునే ధనుర్మాసపు రాత్రి కూడా నెల్లూరులో ఆ చలి ఛాయలకు రాదు. హిమాచల్‌ప్రదేశ్‌లో హరిమన్ శర్మ అనే రైతు తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకం తక్కువ చలికే పూస్తుంది, అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది దాని పేరే. సరదాకి ఒకటి పెట్టుకుంటానంటే నేను వద్దనను. నా ఆపిల్ గుంతలో మాత్రం ఇప్పుడు రేగు ఉంది.

ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది?

పంచాంగంలో వసంతమంటే చైత్రం, వైశాఖం. మన చెట్లు అంతదాకా ఆగవు. సంక్రాంతికి అటూ ఇటూగా మామిడి పూత బయటపడుతుంది. మాఘంలో నిమ్మ, తెల్లవారి దొడ్డి తలుపు తీస్తే వాసనే చెబుతుంది. ఫాల్గుణానికి ఉదయగిరి దారిలో మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా మండుతుంటాయి. ఉసిరి కూడా అప్పుడే పూస్తుంది, కానీ ఆ పూత ఎవరి కంటా పడదు. ఉగాదికి వేప, గానుగ. ఆ తర్వాత నేరేడు, సీతాఫలం. ఎండ ముదిరాక రేల పసుపు, తురాయి ఎరుపు. మల్లె ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా వదలదు.

రేగుది ఒక్కదానిదే తిక్క లెక్క. అందరూ పూసే వేసవిలో ఆకు రాల్చుకుని కూర్చుంటుంది, వానల్లో పూసి భోగికి పండుతుంది. పిల్లల తల మీద భోగిపళ్లు పొయ్యాలంటే ఆ తిక్కే కావాలి మరి.

రోజూ నీళ్లు పోస్తున్నాను, ఎరువు వేస్తున్నాను, మామిడి పూత మాత్రం రావట్లేదు. ఎందుకు?

రోజూ పోస్తున్నారు కాబట్టే.

ఎక్కువమంది అడిగేది ఇదే, చెబితే నమ్మనిదీ ఇదే. మా దొడ్లో రెండు బంగినపల్లి చెట్లున్నాయి, ఒకే రోజు నాటినవి. ఒకటి బట్టలుతికే బండ పక్కన. ఉతికిన నీళ్లన్నీ దాని పాదులోకే. రెండోది ప్రహరీ మూలన, గొట్టం అందనంత దూరంలో. బండ పక్కది నిగనిగలాడుతూ గొడుగులా పెరిగింది. చూసినవాళ్లంతా దాని కిందే కుర్చీ వేసుకుంటారు. కాయలు మాత్రం మూలనున్నదే కాస్తుంది. ఆరేళ్లు చూసి, బండ నీళ్లు అరటి వైపు మళ్లించాను. ఆ మరుసటి ఏడు బండ పక్కది కూడా పూసింది.

వేరుకు నీళ్లూ నత్రజనీ అందుతున్నంత కాలం చెట్టు కొత్త చిగుళ్లు వేస్తూనే పోతుంది. ఎదుగుదల ఆగాలి, కొమ్మలో తిండి నిలవ పడాలి, కొమ్మ ముదరాలి. అప్పుడు ఆ కొనమొగ్గ ఆకు కాకుండా పూతగా మారుతుంది. ఇలా నీళ్లు ఆపి ఎదుగుదల నిలపడాన్నే రైతులు చెట్టును బెట్టకు పెట్టడం అంటారు.

మామిడికి దసరా తర్వాత నీళ్లు ఆపేయండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, ఆకాశాన్ని ఆపలేం. పాదు గట్టును ఒకవైపు తెంపి పెడితే వాన నీళ్లు నిలవకుండా పోతాయి. వాన డిసెంబరు ఆఖరుదాకా సాగిన ఏడు పూత ఆలస్యమవుతుంది, కొన్ని కొమ్మలు పూత బదులు చిగురు వేస్తాయి. అందులో మీ తప్పేం లేదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు మొదలుపెట్టాలి. పూత మీద ఉండగా గుమ్మరించకూడదు.

నిమ్మకు బెట్ట పెట్టాలంటే మధ్యాహ్నం ఆకు వాలి, సాయంత్రానికి తేరుకునేంత వరకే ఆరబెట్టాలి. సాయంత్రం కూడా వాలే ఉంటే అతి చేశారన్నమాట. తర్వాత పశువుల ఎరువు వేసి, మొదటిసారి కొద్దిగా, రెండోసారి కాస్త ఎక్కువగా నీళ్లు ఇవ్వాలి. ఒక్కసారిగా ముంచితే పూతంతా రాలుతుంది.

మూడేళ్లు నిండని మొక్కలకు ఈ బెట్ట గొడవ వద్దు. వాటిని ఎదగనివ్వండి. యూరియా మాత్రం ఏ వయసు చెట్టుకైనా వినాయక చవితి దాటాక వెయ్యకండి.

మామిడి బాగా పూసింది, పూతంతా రాలిపోతోంది. మందు కొట్టాలా?

కొంత రాలాల్సిందే. ఒక పూత గెలలో వందలూ వేలూ పూలుంటాయి, అందులో చాలావరకు మగ పూలు. వెయ్యి పూలకు ఒకటో రెండో కాయలుగా నిలిస్తే అది మంచి కాపే. చెట్టు కింద పూత దుప్పటిలా పరుచుకుంటే కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సినవి రెండు. పూత గెల మీద తెల్లటి పొడి చల్లినట్టుంటే బూడిద తెగులు. పుష్య, మాఘాల్లో తెల్లవారుజామున మంచు ఎక్కువగా కురిసినప్పుడు వస్తుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొడితే అదుపులోకొస్తుంది. రెండోది తేనెమంచు పురుగు. చెట్టు కిందికెళ్తే చిటపటమని ముఖానికి తగులుతుంది, ఆకులు జిగటగా ఉంటాయి, పది రోజులకు ఆ జిగట మీద మసి పడుతుంది. గెల బయటికొస్తున్నప్పుడే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో కలిపి సాయంత్రం పూట కొట్టుకోవాలి. పూలు విచ్చాక ఏ మందూ వద్దు. ఈగలు, తేనెటీగలు వాలేది అప్పుడే, కాయ కట్టేది వాటివల్లే.

ఇంటికి ఏ మామిడి పెట్టుకోవాలి?

ఉలవపాడు పక్కనే ఉండి బంగినపల్లి కాకుండా ఇంకేం పెడతావని మా బావ అంటాడు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఒక ఏడు కాసి ఒక ఏడు అలిగే రకం అది, పైగా పాతిక అడుగుల జాగా తింటుంది. జాగా చిన్నదైతే ఆమ్రపాలి చూడండి. దశేరి, నీలం కలిపి తీసిన పొట్టి రకం, ఏటా కాస్తుంది, ఎనిమిదడుగుల జాగాలో సర్దుకుంటుంది. చేపల పులుసులోకి మాత్రం ఇవేవీ నచ్చవు మా ఇంట్లో. పచ్చికాయ పుల్లగా ఉండాలి, దానికి టెంక నుంచి మొలిచిన నాటు మామిడే. వీధి చివర ఒకటుంది, దాని కాయ కోసం నేనూ వరసలో నిలబడతాను.

ఉసిరి పూత వచ్చి రాలిపోయింది, ఒక్క పిందె లేదు. చెట్టు కొట్టేయమంటారా?

ఆగండి, ఆగండి. గొడ్డలి పక్కన పెట్టండి.

ఉసిరి కథ వింతగా ఉంటుంది. ఫాల్గుణంలో సన్నటి కొత్త రెమ్మలు వస్తాయి. వాటి మొదట్లో మగ పూలు, కొనల వైపు ఆడ పూలు, ఆవగింజంత ఆకుపచ్చ రంగులో ఉంటాయి. మగ పూలన్నీ రాలిపోతాయి, నేల మీద మీకు కనిపించేవి అవే. ఫలదీకరణ జరిగిన ఆడ పూవు మాత్రం కొమ్మనే అంటుకుని, పెరగకుండా, కంటికి ఆనకుండా వేసవంతా నిద్రపోతుంది. మూడు నాలుగు నెలలు అంతే. వానలు పడ్డాక ఒక్కసారిగా మేలుకుని, చూస్తుండగానే గోళీలంత అవుతుంది. కార్తీక వనభోజనాల నాటికి కాయ.

నా మొదటి ఉసిరికి ఇది తెలియక ఏప్రిల్లో కాయలు లేవని పాదు నిండా నీళ్లు పెట్టి యూరియా వేశాను. ఆకులు ఏపుగా వచ్చాయి, కాయలు గుప్పెడే. అది పూసే రెండు నెలలూ నీళ్లు అడగదు.

నిజంగానే ఏటా కాపు లేకపోతే కారణం ఇంకోటి కావచ్చు. ఉసిరి ఒంటరిగా సరిగా కాయదు. ఎన్‌ఏ-7 రకం ఒక్కటే పెట్టినవాళ్లు పక్కన కృష్ణ గానీ కాంచన్ గానీ ఇంకో రకం పెట్టుకోవాలి. జాగా లేకపోతే పక్కింటివాళ్లను ఒప్పించి వాళ్ల దొడ్లో పెట్టించండి; తేనెటీగలకు ప్రహరీ గోడ అడ్డం కాదు. అంటు మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది, గింజ మొక్కకు దానికి రెట్టింపు ఓపిక కావాలి.

సీతాఫలం పూలు వేసవిలో పూస్తున్నాయి గానీ నిలవట్లేదు?

పూవు పూసేటప్పటికి ఎండ నలభై దాటి, గాలిలో తడి లేకపోతే పుప్పొడి పనిచెయ్యదు. మొదటి వాన పడ్డాక పూసినవే నిలుస్తాయి. మన వైపు ఎక్కువ కాపు అలా వచ్చిందే.

ఇంకో చిక్కు ఉంది. సీతాఫలం పూవు ముందు ఆడది, తర్వాత మగది. మొదట మూడు దళసరి రెక్కలు కొద్దిగా ఎడం అవుతాయి, లోపల ముద్దలా ఉన్నది జిగటగా మెరుస్తుంది. అప్పుడది పుప్పొడి తీసుకోవడానికి సిద్ధం, కానీ తన పుప్పొడి ఇంకా విడుదల కాలేదు. మర్నాటికి రెక్కలు బాగా విచ్చుకుని పుప్పొడి రాల్చే వేళకు జిగట ఆరిపోతుంది. మధ్యవర్తి పని చేసేవి చిన్న చిన్న పెంకు పురుగులు. ఊళ్లో ఇంటి మధ్య అవి ఉండకపోవచ్చు.

నేను చేసేది చెబుతాను. పొద్దున్నే ఆరు లోపు, బాగా విచ్చి రెక్కలు వేలాడేస్తున్న పూలు నాలుగు కోసి మూత మీద దులుపుతాను. లేత గోధుమ రంగు పొడి రాలుతుంది. పిల్లల రంగుల కుంచె, సన్నది, దానికి ఆ పొడి అద్ది, సగం విచ్చిన పూవు రెక్కలు వేలితో కొంచెం ఎడం చేసి లోపలి ముద్ద చుట్టూ తిప్పుతాను. పక్కనుంచి కాదు, చుట్టూరా. సీతాఫలం మీద ఒక్కో కన్నూ ఒక్కో విడి అండాశయం నుంచి పెరిగేది. ఒక పక్కే పుప్పొడి అంటితే కాయ ఆ పక్కే పెరిగి, రెండో పక్క నొక్కుకుపోయి వంకరగా ఉంటుంది. పది పూలకు చేస్తే ఐదారు నిలుస్తాయి నాకు. పది నిమిషాల పని, టీ మరిగేలోపు అయిపోతుంది.

కొమ్మలు ఫిబ్రవరిలో కాస్త కత్తిరించండి. కాయల మధ్య తెల్ల దూదిలాంటి పిండినల్లి కనిపిస్తే ముందు చీమలను ఆపండి. దాన్ని కొమ్మకొమ్మకూ మోసేది అవే.

రేగు చెట్టు కొమ్మలన్నీ కొట్టేయాలంటారు నిజమేనా?

నిజమే. కాయలు అయిపోయి ఆకు రాల్చే ఏప్రిల్, మే నెలల్లో, పోయినేడు పెరిగిన కొమ్మలను సగానికి పైగా కోసెయ్యాలి. చేతులకు గోనెసంచి చుట్టుకోండి, ముళ్లు కొక్కేల్లా ఉంటాయి. కొత్త కొమ్మ మీదే పూత, అందుకని ఏటా కొట్టకపోతే చెట్టు ముళ్లపొద అవుతుంది, కాయ గట్టు రేగంత అవుతుంది.

అంటు కిందనుంచి వచ్చే చిగుళ్లను వెంటనే తీసెయ్యండి. అవి నాటు రేగువి. వదిలేస్తే మూడేళ్లలో మీరు పెట్టిన ఉమ్రాన్ లాంటి అంటు రకం పోయి ముళ్ల రేగు మిగులుతుంది.

సపోటా చెట్టు ఒక పక్క చిన్న చిన్న పసుపు కాయలు కాస్తోంది. జబ్బా?

జబ్బు కాదు, అది పాల చెట్టు. సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు, ఆ వేరు మొండిది కాబట్టి. అంటు కింద మొలిచిన పాల కొమ్మను మీరు పట్టించుకోలేదు, అది పైకి పోయి తన కాయలు తాను కాస్తోంది. తినడానికి బాగుంటాయి, మా చిన్నప్పుడు గంపల్లో అమ్మకానికొచ్చేవి. కానీ ఆ కొమ్మ సపోటా భాగాన్ని మింగేస్తుంది, మొదలంటా కోసెయ్యండి.

సపోటాకు పూత ఏడాది పొడుగునా ఉంటుంది, పూత నుంచి పండుకు ఏడు నెలల పైనే పడుతుంది. అందుకే ఒకే కొమ్మకు పూవూ, పిందే, కాయా వేలాడుతుంటాయి. ఎప్పుడు కొయ్యాలో తెలియడానికి గోటితో గీరండి. గీత పసుపుగా ఉంటే కొయ్యొచ్చు, ఆకుపచ్చగా ఉండి పాలు కారితే ఇంకా ఆగాలి.

మా బోరు నీళ్లు ఉప్పు. ఏం పెట్టుకోవాలి?

సముద్రం పక్క ఊళ్లవాళ్లూ, పొదిలి, కనిగిరి మెట్ట వాళ్లూ అడిగే ప్రశ్న. సపోటా, రేగు, ఉసిరి, కొబ్బరి, ఖర్జూరం ఆగుతాయి. జామ, దానిమ్మ, అంజూర మధ్యస్తం. నిమ్మ, బత్తాయి, మామిడి తట్టుకోవు.

రోజూ చెంబుడు చెంబుడు పొయ్యకండి. పైపైన తడిపిన నీళ్లు ఆవిరై, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. పాదు మీద తెల్లటి పొర అదే. వారానికోసారి నిండా పెడితే ఉప్పు వేరు కిందికి దిగుతుంది. పాదులో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ జానెడు మందం పరిస్తే చాలా నీళ్లు మిగులుతాయి. ఆకుల మీద ఆ నీళ్లు చల్లొద్దు. ఇంట్లో నీళ్ల శుద్ధి యంత్రం నుంచి వచ్చే వృథా నీళ్లు చెట్లకు పోస్తే పుణ్యమని కొందరు పోస్తున్నారు. బోరు నీళ్లలోని ఉప్పే అందులో ఇంకా చిక్కగా ఉంటుంది.

అన్నిటికన్నా మంచిది, మేడ మీది వాన గొట్టాన్ని చెట్ల మధ్య ఒక గుంతలోకి వదలడం. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆ ఉప్పులేని నీళ్లు ఏడాది ఉప్పును కడిగేస్తాయి. జిప్సం వెయ్యమని ఎవరైనా చెబితే ముందు మట్టి పరీక్ష చేయించండి. అది క్షారం ఉన్న నేలకు మందు, అన్ని ఉప్పులకూ కాదు. నెల్లూరులోనూ దర్శిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, అక్కడ అడగొచ్చు.

మాది నల్లరేగడి. అదే గుంత చాలా?

చాలదు. వానలో ఉబ్బి, ఎండలో నెర్రెలిచ్చే నేలలో గుంత తీస్తే అది తొట్టి అవుతుంది, నీళ్లు దిగవు. అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. జామ, ఉసిరి, రేగు వస్తాయి.

ఎప్పుడు నాటాలి? గుంత ఎంత?

జామ, నిమ్మ, సీతాఫలాలకు రెండడుగుల గుంత, మామిడి, సపోటాలకు మూడడుగులు. వైశాఖంలోనే తీసి ఎండకు వదిలేయండి. పైమట్టి ఒకవైపు, అడుగు మట్టి ఇంకోవైపు పోసుకుని, పూడ్చేటప్పుడు పైమట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ, వేపపిండి మానొద్దు. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే.

కోస్తా వైపు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే తుపాన్ల నాటికి వేరు పట్టుకుంటుంది, ఈశాన్య వానలతో నిలదొక్కుకుంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు నైరుతి వానలు కొంత మేలు కాబట్టి ఇంకో నెల ముందే నాటొచ్చు. నీళ్లు నిలిచే పల్లపు దొడ్లయితే సంక్రాంతి దాకా ఆగి, మొదటి వేసవి నీళ్ల బాధ్యత నెత్తినేసుకోండి.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలను దిగిన రోజే నాటకండి. గోదావరి గట్టు నీడలో పెరిగినవి. పది రోజులు చెట్టు నీడన ఉంచి మన ఎండ అలవాటు చెయ్యండి. సంచి చింపేటప్పుడు వేరు అడుగున చుట్టుకుపోయి ఉంటే ఆ చుట్ట కత్తిరించండి. అంటు మట్టికి జానెడు పైన ఉండాలి, అంటుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ ఊడదీయాలి. ఆ పట్టీ మరిచిపోయి రెండేళ్ల సపోటా మెడ నొక్కుకుని విరిగిపోవడం మా వీధిలోనే చూశాను.

మొదటి వేసవికి కుండ పద్ధతి బాగుంటుంది. అడుగున చిన్న చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దూర్చిన కుండను మొక్కకు అడుగు దూరంలో మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెట్టండి. వారం రోజులు ఊరెళ్లొచ్చు.

నిమ్మ మొక్క ఐదేళ్లయినా కాయట్లేదు?

గింజ మొక్కయితే నాలుగైదేళ్లు మామూలే. నీడలో ఉంటే పదేళ్లయినా కాయదు. నిమ్మకు రోజంతా ఎండ కావాలి.

నాటేముందే బాలాజీ రకం అడగండి. ఆకు మీదా కాయ మీదా గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులును అది బాగా తట్టుకుంటుంది. మొదలు తడవకుండా పాదు రెండు వలయాలుగా కట్టండి: లోపలి గట్టు మొదలు చుట్టూ పొడిగా, బయటి గట్టులో నీళ్లు. మొదలు తడిస్తే బంక కారే తెగులు. పాదులో లోతుగా తవ్వకండి, పీల్చే వేర్లు పైపైనే ఉంటాయి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య ఆకు పసుపెక్కితే జింకు లోపం; లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేటు కొత్త చిగురు మీద కొట్టండి. లేత ఆకుల మీద కాకిరెట్టలా కనిపించేది రెట్ట కాదు, సీతాకోకచిలుక పురుగు. చేత్తో ఏరెయ్యండి చాలు.

జామకాయలో పురుగులు. ఏ మందు?

మందు కన్నా ముందు పూత లెక్క చూడండి. వసంతంలో పూసిన జామ వానాకాలంలో పండుతుంది, పండు ఈగకు సరిగ్గా అదే కాలం, రుచీ చప్పగా ఉంటుంది. అందుకని ఫిబ్రవరి, మార్చి పూతను నేను చేత్తో తుంచేస్తాను. ఇంట్లో అందరూ పాపమంటారు. జూన్, జూలైలో మళ్లీ పూసి, చలికాలంలో పురుగు లేని తియ్యటి కాయ వస్తుంది.

అంత మనసు రాకపోతే కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం సంచి కట్టండి. రాలిన కాయలను చెట్టు కింద వదలకుండా లోతుగా పూడ్చండి. మిథైల్ యూజినాల్ ఎర బుట్ట ఒకటి వేలాడదీస్తే మగ ఈగలు పడతాయి.

తుపానుకు చెట్టు పడిపోయింది. లేపితే బతుకుతుందా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, అంతకు ముందు రెండు రోజులూ మా వైపు వానే వాన. మునగ రెండు ముక్కలైంది, దాన్ని ఎవరూ ఆపలేరు. సపోటా నేలకొరిగింది, సగం వేర్లు పైకి. మూడో రోజు లేపాం. ఇప్పుడు కాస్తోంది.

ముందు కొమ్మల్లో మూడో వంతుకు పైగా కోసెయ్యాలి; సగం వేర్లతో ఆ బరువునూ ఆ ఆకులనూ చెట్టు మోయలేదు. విరిగిన వేర్లు నున్నగా కత్తిరించి, నలుగురు మనుషులు చేతులతో లేపాలి. ట్రాక్టరుకు కట్టి లాగితే మిగతా వేర్లు కూడా తెగుతాయి. వాలిన వైపు కర్ర ఆసరా, మొదట్లో మట్టి, అంతే. వేర్లను గోనెసంచి కప్పి తడిగా ఉంచగలిగితేనే మూడో రోజు దాకా ఆగండి, ఎండితే లేపీ లాభం లేదు. సెప్టెంబరులోనే గుబురు కొమ్మలు పలచన చేసుకుంటే గాలి చెట్టులోంచి పోతుంది.

మల్లె ఆకులే వేస్తోంది, మొగ్గ లేదు?

ఇదీ బెట్ట కథే. డిసెంబరులో నీళ్లు ఆపి, ఆకు దూసి, మోకాలెత్తుకు కత్తిరించండి. చూడ్డానికి చచ్చిపోయినట్టే ఉంటుంది. జనవరి ఆఖరున ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే ఫాల్గుణానికి మొగ్గ.

మేడ మీద డ్రమ్ముల్లో కాస్తాయా?

నిమ్మ, జామ, సీతాఫలం, దానిమ్మ కాస్తాయి. మేలో డ్రమ్ము గోడ కాలి వేరు ఉడికిపోతుంది, బయట గోనెసంచి చుట్టి తడపండి. కోస్తా ఊళ్లలో దానిమ్మకు మచ్చ తెగులు ఎక్కువ, నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పోస్తే కాయ పగులుతుంది.

నేరేడు పెట్టుకోవచ్చా?

వాకిట్లో, కారు నిలిపే చోట వద్దు. జూన్‌లో నేలంతా ఊదా రంగు, ఈగలు, గబ్బిలాలు. దొడ్డి చివరన జాగా ఉంటే పెట్టండి.

వేప చెట్టు కొసలన్నీ ఎండిపోయాయి. ఇక ఉగాది పూతకు దారేది?

2021లో తెలుగు నేలంతా వేపలు ఇలాగే మాడాయి. కొమ్మ కొసలను ఎండబెట్టే శిలీంధ్రం పని, దోమలాంటి రసం పీల్చే పురుగు దానికి తోడు. చాలా చెట్లు ఆ మరుసటి వేసవికి మళ్లీ చిగిర్చాయి. ఎండిన కొసలు కోసి తగలబెట్టండి, చెట్టు కొట్టకండి.

ముళ్ల కంచె వేద్దామనుకుంటున్నాం. వాక్కాయ పెట్టమంటారు, ఆ పుల్లకాయ ఎవరు తింటారు?

మూడడుగులకొకటి నాటితే మూడేళ్లకు మేక కాదు కదా పిల్లి కూడా దూరదు. నీళ్లు అడగదు, మందు అడగదు. ఎండ మొదలయ్యేటప్పటికి మల్లెలాంటి తెల్ల పూలు, సాయంత్రం సన్నటి వాసన. కోసేటప్పుడు చేతికి పాలు అంటుకుంటాయి, కొబ్బరినూనె రాసుకుని దిగండి. కాయలు రెండుగా చీల్చి, గింజ తీసి, కందిపప్పులో చింతపండు బదులు వేసి, నాలుగు పచ్చిమిరపకాయలు చీరి, ఇంగువ తాలింపు పెట్టండి. ఎవరు తింటారో అప్పుడు చూడండి.